తెలుపు కింద పసుపు

నేను ఒక నంబరు పలకను. కారు ముందు భాగాన, బంపరు మీద, రెండు బోల్టులతో బిగించి ఉండేవాణ్ణి. మొదటే ఒక మాట చెప్పేస్తాను: నా జన్మలో నేను దేనికీ భయపడి ఎరగను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదురుగా వచ్చి నిలబడ్డా రెప్ప వేయలేదు. ఇప్పుడు నేనుంటున్న జీడితోటలోకి ఎలుగుబంటి వస్తే, నా గొంతు విని తోక ముడిచి పరుగో పరుగు. ఎలుగుబంటికి ముడిచేంత తోక ఎక్కడిదని అడగకండి. ఉన్నంతలోనే ముడుస్తుంది.

నా పుట్టుక ఏమంత గొప్పది కాదు. మా ఉద్దానం పక్క పట్నంలో సన్నాసిరావు అని ఒక బోర్డుల పెయింటరు ఉండేవాడు. పాత నూనె పీపా ఒకటి చదును చేసి, దాని పొట్టలోంచి నన్నూ నా కవల తమ్ముణ్ణీ కత్తిరించాడు. ఇద్దరికీ తెల్లరంగు వేసి, నల్లటి అంకెలు దిద్ది, నన్ను బండి ముందుకీ వాణ్ణి వెనక్కీ బిగించాడు. అంతే, కన్నతల్లి కడుపున కలిసి పుట్టినవాళ్ళం, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పద్ధెనిమిదేళ్ళు ఒకే ఊళ్ళు తిరిగాం. నాకు రాబోయే రోడ్డు కనిపిస్తుంది, వాడికి పోయిన దుమ్ము కనిపిస్తుంది. బండి లోపలి మాటలు వినపడడం వరకే మా ఇద్దరి భాగ్యం.

మా మొదటి యజమాని జీడిపప్పు వ్యాపారి వల్లభరావు గారు. బండి కొన్న రోజునే ఆయన జీవితకాల పన్ను అని ఒకటి కట్టేశారు. "జీవితకాలమంటే ఎవరిదండీ, మీదా బండిదా?" అని సన్నాసిరావు కుంచె చెవి మీద పెట్టుకుని అడిగాడట. వల్లభరావు గారు నవ్వి, ఎవరిదైతేనేం, ఇంక ఈ జన్మకి మన దగ్గరికి ఎవరూ రారు అన్నారు. నిజంగానే ఎవరూ రాలేదు. ఆయనకి ఇంకా రెండు కార్లున్నాయి. మమ్మల్ని పెళ్ళిళ్ళకీ, మంత్రిగారు ఊరికి వస్తే ఎదురెళ్ళడానికీ బయటికి తీసేవారు. మిగతా రోజులన్నీ గుడ్డ ముసుగు కింద నిద్ర. ఇంజను పక్కన ఎలుక మూడు పురుళ్ళు పోసుకుంది. ఆ ఏడేళ్ళూ నాకు భయమనే మాటకి అర్థం తెలీదు. తెల్లరంగు చల్లగా ఉంటుంది బాబూ.

తరవాత బండి జోగారావు చేతికి వచ్చింది. అతను కిరాయి తిప్పుకునే మనిషి. సన్నాసిరావు నన్ను విప్పి, తెలుపు గీకకుండానే దాని మీద పసుపు పట్టించి, కొత్త నంబరు దిద్దాడు. బండి మారలేదు. ఇనుము మారలేదు. రోడ్డు మీద పడే బరువు వీసమెత్తు పెరగలేదు. మారింది నా ఒంటి మీద రంగు. అంతలోనే పన్ను జన్మకొకసారి నుంచి మూడు నెలలకొకసారికి దిగింది.

మూడు నెలలకొకసారి వచ్చే జ్వరం ఎలా ఉంటుందో మీకు తెలుసా? పది రోజుల ముందు నుంచే ఒళ్ళు నొప్పులు మొదలవుతాయి. జోగారావు పొద్దున్నే వచ్చి నా ముఖం తడిగుడ్డతో తుడిచేవాడు, తారీకు నా మీదే రాసి ఉన్నట్టు. అతని కాళ్ళకి రబ్బరు చెప్పులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఒకసారి ఒకటీ, ఇంకోసారి ఇంకొకటీ తెగిపోతే మిగిలిన రెండింటినీ జత చేసుకున్నాడు. బండి తిరిగినా కట్టాలి, తిరక్కపోయినా కట్టాలి. ఒక వర్షాకాలం యాక్సిలు విరిగి నలభై రోజులు షెడ్డులో పడుకున్నాం. ఆ నలభై రోజులకీ పన్ను నడుచుకుంటూ వచ్చింది. బండి ఆగిపోయిందని ముందుగా కాగితం పెట్టుకుంటే కొంత ఊరట ఉంటుందట. అలాంటి కాగితం ఒకటుందని జోగారావుకి చెప్పినవాళ్ళు లేరు. అప్పటి నుంచి ఎక్కడ ఖాకీ చొక్కా కనిపించినా అతని కాలు బ్రేకు మీద పడేది. చివరికి పోస్టుమాను కనిపించినా పడేది. కాలు బ్రేకు మీద పడితే ముందుగా ముక్కు వంచి వణికేది నేను.

అయ్యో, మొదట్లో దేనికీ భయపడలేదన్నాను కదూ. అవన్నీ కోతలు. భయపడుతూనే బతికాను. మీరేమీ అనుకోకండి, రేకు ముక్క గొప్పలు చెప్పుకోక ఇంకేం చెప్పుకుంటుంది.

జోగారావు బండి అమ్మేసి ఆటో కొనుక్కున్నాడు. కొన్నది లోకనాథం గారు. ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఆఖరి పదేళ్ళూ టిక్కెట్లు కొట్టింది మా ఊరి బస్సులోనే. ఆయన దిగిపోయిన ఏడాదికే ఆదాయం రావడం లేదని ఆ బస్సు తీసేశారు. ఆ బస్సులోనే వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, మా ఊరి నుంచి ముగ్గురు మనుషులు పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళు. ఉద్దానంలో కిడ్నీల జబ్బు సంగతి నేను చెప్పనక్కరలేదు. మిషను మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. ఒక్క వాయిదా తప్పితే కాళ్ళు పొంగుతాయి, రెండు తప్పితే నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, మూడోది ఎవరూ లెక్కపెట్టరు. ఆ ముగ్గురిలో ఒకరు తవిటమ్మ, జీడితోట ఉన్న ఒంటరి మనిషి. మిగతా ఇద్దరూ కొబ్బరికాయలు దింపే అన్నదమ్ములు.

లోకనాథం గారు రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములోంచి బండి కొని, సన్నాసిరావు చేత మళ్ళీ నాకు తెలుపు వేయించి, మళ్ళీ జీవితకాల పన్ను కట్టారు. ఒకే బండికి రెండు జీవితకాలాలు. అప్పటికి బండికి పదిహేనేళ్ళు దాటాయి గనక, ముసలిదైపోయిందని హరిత పన్ను కూడా కట్టించుకున్నారు. మనుషులకి వయసు మళ్ళితే పింఛనిస్తారు, బండికి వయసు మళ్ళితే పన్ను వేస్తారు. పొగ ఎక్కువ వదులుతుందిట. వల్లభరావు గారింట్లో మూడు కార్లు వదిలే పొగ కొత్త పొగ గనక దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. పెట్రోలు పోయించుకున్నప్పుడు ఇంకో పన్ను ఉంటుంది గానీ, అది ధర లోపల దాక్కుని వస్తుంది గనక దాన్ని ఎవరూ తిట్టరు.

లోకనాథం గారి డ్రైవింగు చూసి తీరాలి. స్టీరింగు ముందు తనే కూర్చుని, "రైట్, రైట్" అని తనే అరిస్తే తప్ప ఆయనకి గేరు పడదు. ఆపాలంటే "హోల్డాన్" అని తనకి తనే చెప్పుకునేవాడు.

మొదటి సోమవారం తవిటమ్మ బండి ఎక్కనంది.

"ఊరికే ఎక్కించుకుంటావేటి కండట్రుబాబూ? నానేటి ముష్టిదాన్నా?"

లోకనాథం గారు కాసేపు తల గోక్కున్నాడు. తరవాత చొక్కా జేబులోంచి పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసి, చీటీలు చింపి, ఒక్కొక్క దాని మీద "ఊరు నుంచి ఆసుపత్రి, రెండు కాయలు" అని రాసి, మనసు ఒప్పక దాచుకున్న తన టిక్కెట్ల పంచ్‌తో కటుక్కున చిల్లు పెట్టి ఇచ్చాడు. ఆ కటుక్కుమన్న చప్పుడుకి తవిటమ్మ బండి ఎక్కింది. రెండు కాయలంటే రెండు కొబ్బరికాయలు. ఆ జబ్బున్నవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగకూడదు. ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్ళు తాగకూడని మనిషికి, కాయ ఇచ్చెయ్యడం కంటే తేలికైన పని ఏముంటుంది. లోకనాథం గారు ఆ కాయలు సంతలో వేసి, వచ్చినది పెట్రోలులో పోసేవాడు. తక్కువ పడింది పింఛనులోంచి. రెండేళ్ళు అలా గడిచాయి. మా బండి కొబ్బరినీళ్ళతో నడుస్తుందని ఊళ్ళో పిల్లలు అనేవాళ్ళు.

అప్పుడు మొదలైంది అసలు భయం.

తెల్ల బోర్డు పెట్టుకుని కిరాయి కొడుతున్న బళ్ళని జంక్షన్‌లో పట్టుకుంటున్నారని కబురు పుట్టింది. ఆ ఎండాకాలమే నా ఒంటి మీద, రెండో అంకె పక్కన, తెల్లరంగు బొబ్బ లేచింది. బొబ్బ పగిలి కింద నుంచి పసుపు తొంగి చూసింది, కామెర్లవాడి కన్నులాగ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి నాకు భుజాలు కూడా లేవు. ఎదురుగా వచ్చే ప్రతి జీపూ నా కంట్లోకే చూస్తున్నట్టుండేది. గాలికి ఆ పెచ్చు కాస్త లేస్తే చాలు, నా ప్రాణం లేచిపోయేది. బురద రోజున ఒక ముద్ద వచ్చి దాని మీద పడితే, తల్లి కొంగు కప్పినట్టు అనిపించింది. లోకనాథం గారు శుభ్రమైన మనిషి. మర్నాడే కడిగేశాడు.

లోపల ముగ్గురూ అంతకంటే భయపడుతున్నారు. జంక్షన్ దగ్గరవుతుంటే మాటలు ఆగిపోయేవి. తవిటమ్మ తన టిక్కెట్టు రొండిన దోపుకుంటున్న గరగర వినిపించేది. ఎవరైనా అడిగితే కండక్టరుగారు మాకు చుట్టమని చెప్పాలని ముగ్గురూ అనుకున్నారు. లోకనాథం గారు మాత్రం ఆ మాట వినగానే, "నన్నడిగితే నేను నిజమే చెప్తాను సుమా" అన్నాడు. వాళ్ళకి బ్రేక్ ఇన్‌స్పెక్టరు కంటే ఎక్కువ భయం అదే.

ఇక్కడ జోగారావు సంగతి చెప్పాలి. అతని ఆటో జంక్షన్‌లో ఉంటుంది. దానికి పసుపు బోర్డు, దాని పన్ను, దాని ఫిట్‌నెస్ కాగితం, అన్నీ ఉన్నాయి. బస్సు తీసేసినప్పుడు ఆ ముగ్గురూ తన ఆటో ఎక్కుతారని ఆశపడ్డాడు. వాళ్ళు తన పాత బండే ఎక్కి, తన కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోతున్నారు. రెండేళ్ళు చూశాడు. ఒక రోజు రవాణా ఆఫీసుకి వెళ్ళి చెప్పేశాడు. నేనైనా చెప్పేవాణ్ణేమో. అతన్ని తిట్టబుద్ధి కాదు నాకు, అతని కాలి కింద వణికినవాణ్ణి కదా.

సోమవారం పొద్దున ఏడున్నర. మిషను మీద మా వాళ్ళ వంతు తొమ్మిదింటికి. ఆలస్యమైతే మంచం తరవాతివాళ్ళకి ఇచ్చేస్తారు, మళ్ళీ గురువారం దాకా చోటుండదు. అన్నదమ్ముల్లో చిన్నవాడికి అప్పటికే కాళ్ళు దిమ్మల్లా ఉన్నాయి. ఆదివారం రాత్రంతా దిండుకి ఆనుకుని కూర్చునే ఊపిరి తీసుకున్నాడని అన్న చెబుతున్నాడు. మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా జీపు. పక్కన చింతచెట్టు కింద జోగారావు ఆటో.

"హోల్డాన్" అన్నాడు లోకనాథం గారు, గొంతు మామూలుగానే.

ఇన్‌స్పెక్టరు పెద్ద వయసు వాడు కాదు. నల్లటి బూట్లు. దురుసుగా ఏమీ మాట్లాడలేదు. కాగితాలడిగాడు. జీవితకాల పన్ను, హరిత పన్ను, ఇన్సూరెన్సు, పొగ కాగితం, లోకనాథం గారు బస్సులో చెకింగువాళ్ళకి వేబిల్లు ఇచ్చినట్టు వరసలో అందించాడు. ఒక్క తప్పు లేదు. నా గుండె కాస్త కుదుటపడింది. అప్పుడు చింతచెట్టు కింద నుంచి జోగారావు గొంతు వచ్చింది. అతను తల ఎత్తలేదు, నేల కేసి చూస్తూ అన్నాడు.

"ఆ బండి నాను అమ్మీసిందే బాబూ. బోర్డు గీకి సూడండి. కింద పసుపుంటది."

ఇన్‌స్పెక్టరు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ముఖం ముఖం ఎదురుగా. ఆయన ఊపిరి నాకు తగిలింది. బొటనవేలి గోరు బొబ్బ అంచున పెట్టి చిన్నగా గీకాడు. పెచ్చు ఊడి ఆయన బూటు మీద పడింది. అరచేతి వెడల్పున పసుపు బయటపడింది. నేను ఏ తప్పూ చేయలేదు, అది నా పాత చర్మం, అంతే. కానీ చెప్పడానికి నాకు నోరేది? ఉన్నవి అంకెలే, అవి అడిగినవాళ్ళకల్లా ఒకే జవాబు చెప్తాయి.

ఆయన లేచి, లోపల ఉన్నవాళ్ళు ఎవరని అడిగాడు. చుట్టాలమన్నారు. ఏం వరస అన్నాడు. అన్నదమ్ముల్లో పెద్దవాడు మావయ్య అన్నాడు. అదే క్షణంలో చిన్నవాడు పెదనాన్న అన్నాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి ఒకే మనిషి మావయ్యా పెదనాన్నా ఎలా అవుతాడో ఇన్‌స్పెక్టరు అడగలేదు. లోకనాథం గారి వైపు తిరిగి, "మీరు చెప్పండి" అన్నాడు.

లోకనాథం గారు జేబులోంచి పంచ్ తీసి బానెట్ మీద పెట్టాడు. పక్కన చీటీల కట్ట పెట్టాడు. ఆ ఇనుము బానెట్ మీద చేసిన చిన్న చప్పుడు నా ఒళ్ళంతా పాకింది.

"చుట్టాలు కాదు బాబూ, పాసింజర్లు. టిక్కెట్టుకి రెండు కాయలు తీసుకుంటాను. ముప్పై నాలుగేళ్ళు టిక్కెట్టు లేకుండా ఒక్క మనిషిని ఎక్కించలేదు. ఇప్పుడు ఎక్కించమన్నా నా వల్ల కాదు."

లోపల తవిటమ్మ తల కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

ఇన్‌స్పెక్టరు చీటీ తిప్పి తిప్పి చూశాడు. ఆయన చెప్పినదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. కిరాయి తీసుకుని ఎక్కించుకున్న తెల్ల బోర్డు బండికి దెబ్బ తగిలితే ఈ ముగ్గురికీ ఇన్సూరెన్సు పైసా రాదన్నాడు. ఆ చెట్టు కింద ఉన్నతను మూడు నెలలకొకసారి కడుతూ ఖాళీ ఆటో పెట్టుకుని కూర్చున్నాడు, మీ రెండు కాయలూ అతని కంచంలోవే అన్నాడు.

"నిజమే బాబూ. అతను కడుతున్నది నాకంటే ఎక్కువే" అన్నాడు లోకనాథం గారు. "ఒక్కటే అడుగుతాను. ఈ రోడ్డు మీద బస్సు తిరిగినన్నాళ్ళు నేను బండి కొనలేదు. రోడ్డుకని, బండికని, దాని వయసుకని అన్నీ కట్టాను. బస్సు తీసేసినప్పుడు మా ఊరికి ఏమైనా తగ్గించారా?"

"అది నా చేతిలో లేదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు కొంచెం దిగింది. అయినా పుస్తకం తీశాడు. బండి ఆఫీసు యార్డుకి వెళ్ళాలన్నాడు. టైము ఎనిమిదైంది. చిన్నవాడి ఊపిరి ఈలలాగ వినిపిస్తోంది.

అప్పుడు తవిటమ్మ వెనక తలుపు తీసింది. దిగలేదు. ఎడమ చెయ్యి బయటికి చాపింది. మిషను సూదులు గుచ్చడానికి డాక్టర్లు నరాలు కలిపి కుట్టిన చెయ్యి అది. అలాంటి చేతి మీద చెయ్యి వేస్తే లోపల రక్తం తుమ్మెదలాగ రొద పెడుతుంది.

"ఓ బాబూ, ఇలా రా. సెయ్యెట్టి సూడు. ఇంజను నడస్తంది. దీనికి ఏ బోర్డు ఎయ్యాల సెప్పు. పసుపా, తెలుపా?"

ఇన్‌స్పెక్టరు వెళ్ళి ఆ చేతి మీద చెయ్యి పెట్టాడు. తరవాత పుస్తకంలో రాయవలసింది రాశాడు. చట్టం చట్టమే. కానీ ఆయన నోరు తెరిచి ముగ్గుర్నీ దిగమని చెప్పేలోపే జోగారావు ఆటో స్టార్టయింది. ఎందుకో అతను చెట్టు కింద నుంచి బండి తెచ్చి సరిగ్గా మా తలుపుకి ఆనించి ఆపాడు. ముగ్గురూ మారారు. ఆటో దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. నన్ను యార్డుకి తీసుకుపోయారు.

యార్డు గురించి మీ పిల్లలకి చెప్పకండి, జడుసుకుంటారు. పట్టుకొచ్చిన బళ్ళన్నీ అక్కడ పడి ఉంటాయి. ఒక లారీ కడుపులోంచి వేపమొక్క మొలిచి పైకప్పు దాటింది. ఒక ఆటోలో కందిరీగలు కాపురం పెట్టాయి. నా పక్కన ఒక జీపు నంబరు పలక ఉంది. దాని అంకెల్లో సగం తుప్పు తినేసింది. మూడు రోజుల్లో విడిపిస్తామని తెచ్చారనీ, ఇది ఏడో వానాకాలమనీ దాని వాలకమే చెబుతోంది. నేనూ ఇలాగే అంకె అంకెగా రాలిపోతాననుకున్నాను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఆ ముగ్గురూ తొమ్మిదింటికి అందుకున్నారా లేదా? మంచం దొరికిందా? ఆ సోమవారం తరవాత మంగళ, బుధ వారాలు నాకు ఏ కబురూ లేదు. యార్డు గేటు రోడ్డు వైపే ఉంది. ప్రతి శబ్దానికీ చెవులు రిక్కించాను. గురువారం పొద్దున ఆటో చప్పుడొకటి వచ్చింది. దాంతో పాటు ఒక గొంతు.

"బేగి పోనీరా జోగా. నీ ఆటో కన్నా మా కండట్రుబాబు నడక నయం."

తవిటమ్మ తిట్టు వింటే అంత హాయిగా ఉంటుందని అంతవరకూ తెలీదు. పదకొండు రోజుల్లో ఆ ఆటో మూడుసార్లు వెళ్ళింది. జోగారావు డబ్బూ తీసుకోలేదు, కాయలూ తీసుకోలేదని తరవాత విన్నాను.

లోకనాథం గారు పసుపుకీ తెలుపుకీ ఉన్న పన్ను తేడా, దాని మీద జరిమానా కట్టి బండి విడిపించుకున్నారు. ఇన్‌స్పెక్టరు తన దగ్గరుంచుకున్న పంచ్ ఆయన చేతికిచ్చి, ఇక టిక్కెట్లు మాత్రం వద్దండీ అన్నాడు. లోకనాథం గారు సరేనన్నారు. సోమవారం వచ్చింది. తవిటమ్మ గుమ్మంలో నిలబడింది.

"టికెట్టు లేకపోతే నానెక్కను."

టిక్కెట్టు ఇస్తే బండి యార్డుకి పోతుంది. ఇవ్వకపోతే ఈ మనిషి ఇంట్లోనే ఉండిపోతుంది. లోకనాథం గారు పంచ్ చేతిలో పట్టుకుని, దాన్ని కటుకూ కటుకూ ఖాళీగా నొక్కుతూ నిలబడ్డాడు. టైము పోతోంది. నాకు మళ్ళీ వణుకు. చివరికి తవిటమ్మే లోపలికి వెళ్ళి రెండు కొబ్బరికాయలు తెచ్చింది. నా ముందు కూర్చుని, నాకు పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఒక కాయ టైరు ముందున్న రాయి మీద ఫెళ్ళున కొట్టింది. రెండోది బానెట్ మీద పెట్టింది.

"కొత్త బండికి కాయ కొడతారు గదా. జైలుకెల్లొచ్చిన బండి కొత్త బండే. దేవుడికి కొట్టినదానికి పన్నేటి?"

అని వెళ్ళి దర్జాగా వెనక సీట్లో కూర్చుంది. అన్నదమ్ములు కూడా కాయలు తెచ్చారు. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం మా బండికి పూజ. ఇన్సూరెన్సు మాట మాత్రం ఆ పూజతో తీరలేదు. ఆ భయం నాతోనే మిగిలింది. గురువారం మాత్రం జోగారావు ఆటో. లోకనాథం గారు ముందు సీట్లో అతని పక్కన ఇరుక్కుని కూర్చుని, టిక్కెట్టు కొట్టిస్తేనే కదలనిచ్చేవాడు. ఇక్కడ టిక్కెట్టు చట్టబద్ధం, దాన్నెందుకు వదులుకోవాలి అనేవాడు. క్యాలెండరు కాగితం, చిల్లు, రెండు కాయలు. ఈసారి ఆ కాయలు చేరవలసిన కంచంలోకే చేరాయి.

ఒక సోమవారం ఇన్‌స్పెక్టరు ఎదురుపడ్డాడు. బానెట్ మీద కొబ్బరిచిప్పలు, నా ముఖాన పసుపు చూశాడు. పూజా అన్నాడు. పూజే బాబూ, బండికి గండముందన్నారు అన్నాడు లోకనాథం గారు. ఆయన ఒక కొబ్బరి ముక్క తీసుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

ఇంతలో కొత్త రకం నంబరు పలకలు వచ్చాయి. తళతళలాడే రేకు, విప్పడానికి వీల్లేని తాళం. వాటి మీద సన్నాసిరావు కుంచె పడదు. నన్నూ తమ్ముణ్ణీ విప్పేశారు. పాత ఇనుము వాడికి వెయ్యనివ్వకుండా తవిటమ్మ అడిగి పట్టుకెళ్ళి, తన జీడితోటలో పనసచెట్టు కొమ్మకి ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టింది, గాలికి కొట్టుకుని చప్పుడు చేస్తే ఎలుగుబంటి రాదని. అలా మొదటిసారి తమ్ముడి ముఖం చూశాను. వాడూ నాలాగే ఉన్నాడు, ఇంకాస్త దుమ్ము.

ఎలుగుబంటి వచ్చింది. మా కిందే కూర్చుని పనసపండు తింది. తిని చెట్టుకి వీపు రుద్దుకుంది. మేం చప్పుడు చేసిన మాట నిజమే, గాలి లేదు, అది మా వణుకు.

ఇక్కడ ఊగుతూ ఆలోచిస్తుంటాను. ఏ రంగుకి ఎంత, ఏ వయసుకి ఎంత, అన్నిటికీ ఆ కాగితాల్లో గడులున్నాయి. వెనక సీట్లో ఎవరున్నారు, ఎందుకెక్కారు అని అడిగే గడి ఒక్కటి పెట్టి ఉంటే బాగుండేది. పెడితే దాన్నిండా ఎన్ని అబద్ధాలు రాస్తారో కూడా నాకు తెలుసు. మావయ్య, పెదనాన్న.

అబద్ధమంటే గుర్తొచ్చింది. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. ఎలుగుబంటి తోక కాదు, దాన్ని మీరు మొదట్లోనే పట్టుకుని ఉంటారు. తవిటమ్మ చేతి మీద ఇన్‌స్పెక్టరు చెయ్యి పెట్టాడన్నానే, అది. నేను బండి ముందుండేవాణ్ణి, వెనక తలుపు దగ్గర జరిగింది నాకెలా కనపడుతుంది? సర్కారు చెయ్యి అయితే కథకి కాస్త పెద్దరికం వస్తుందని అలా చెప్పాను. తవిటమ్మ పిలిచింది ఆయన్నే. కానీ ఆయన బూట్లు నా ఎదురుగానే ఉన్నాయి, పుస్తకం రాస్తూ, ఒక్క అడుగు కదల్లేదు. చింతచెట్టు కింద నుంచి వచ్చి, నన్ను దాటుకుని, ఆ తలుపు వైపు నడిచి వెళ్ళినవి రబ్బరు చెప్పులు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.